యాసంగి వరికి ట్రైకోకార్డులు: ‘అన్నీ ఆడ పురుగులే’ అన్న మాటను పరీక్షించాక

పరకాల వైపు ఎస్సారెస్పీ కాలువ కింద ఉన్న మా మూడెకరాల వరిలో ఈ యాసంగికి వరి కాండాన్ని తొలిచే మొగి పురుగుకు గుళికల మందు చల్లకుండా, వరంగల్ పరిసరాల్లోని ఒక చిన్న ఉత్పత్తి కేంద్రం తయారుచేసే ట్రైకోకార్డులను వాడాను. వాటితో వచ్చిన కరపత్రంలో ‘మా కార్డుల నుంచి అన్నీ ఆడ పురుగులే వస్తాయి’ అని రాసి ఉంది. డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించే నాకు ఆ వాక్యాన్ని పరీక్షించకుండా వదిలేయడం సరికాదనిపించింది.

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు పొడవుండే కందిరీగ జాతి పురుగు. కార్సైరా అనే బియ్యపు పురుగు గుడ్లను అట్టకు అంటించి, వాటిలో దీనిచేత గుడ్లు పెట్టించి కార్డు తయారుచేస్తారు. మొగి పురుగుకు జపానికం రకాన్ని ఎకరాకు 20,000 చొప్పున వదలమని సిఫారసు. పొలంలో శత్రు పురుగు గుడ్లను వెతికి, వాటిలో తన గుడ్లు పెట్టి నాశనం చేసేది ఆడదే కనుక, కార్డులో మగవి ఎన్ని ఉంటే రైతుకు అంత నష్టం.

కార్డుల తయారీ బాగుంది. జిగురు ఊడలేదు, ముక్కలు సులువుగా చిరిగాయి, ధర కూడా న్యాయంగానే ఉంది. జనవరిలో వచ్చిన మొదటి విడతలో దాదాపు అన్ని గుడ్లూ నల్లబడి (లోపల ట్రైకోగ్రామా పెరుగుతోందనడానికి అది గుర్తు), రెండో రోజుకే పురుగులు బయటికి వచ్చాయి. మార్చి విడత మాత్రం మధ్యాహ్నపు బస్సులో, వార్తాపత్రికలో చుట్టి వచ్చింది. అందులో చాలా గుడ్లు పగలలేదు. పరాన్నజీవిని, అంటే ట్రైకోగ్రామాను, ఎక్కించిన తేదీ ఏ కార్డు మీదా లేకపోవడం పెద్ద లోపం.

ప్రతి విడత నుంచీ ఒక ముక్కను గాజు గొట్టంలో ఉంచి, దూదితో మూసి, పురుగులు వచ్చాక సూక్ష్మదర్శిని కింద చూశాను. మగదాని మీసాలకు పొడవైన వెంట్రుకలుంటాయి, ఆడదాని మీసాల చివర గుండు కట్టి ఉంటుంది. కనుక గుర్తించడం కష్టం కాదు. రెండు విడతల్లోనూ ఆడవి ఎక్కువగా ఉన్నా, మగవి స్పష్టంగా కనిపించాయి. కరపత్రంలోని మాట ఈ కార్డుల విషయంలో నిజం కాదు.

అయితే అలాంటి కార్డు అసలు సాధ్యం కాదని నేననను. ఈ పురుగుల్లో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది అవుతుంది, జరగని గుడ్డు రెండు వరుసల క్రోమోజోములతో కాక ఒకే వరుసతో మగది అవుతుంది. కణాల లోపల నివసించే వోల్బాకియా అనే బాక్టీరియా తల్లి గుడ్డు ద్వారా మాత్రమే తర్వాతి తరానికి చేరుతుంది. మగ పురుగులో చేరితే దాని దారి అక్కడితో మూసుకుపోతుంది. అందుకే అది ఫలదీకరణ జరగని గుడ్డులో మొదటి విభజన పూర్తికాకుండా అడ్డుపడి, క్రోమోజోములను రెట్టింపు చేసి, మగ కావలసినదాన్ని ఆడగా మారుస్తుంది. విశాలార్థంలో దీన్ని స్వార్థ జన్యు అంశాల కోవలో చేరుస్తారు, ఎందుకంటే తనకు ఆశ్రయమిచ్చిన పురుగు మేలుతో నిమిత్తం లేకుండా ఇది తన వ్యాప్తినే చూసుకుంటుంది. కీటక శాస్త్రవేత్త రిచర్డ్ స్టౌథామర్ బృందం 1990లో ఇటువంటి ట్రైకోగ్రామా వంశాలకు యాంటీబయోటిక్ ఇచ్చినా, వాటిని ఎక్కువ వేడిలో పెంచినా మళ్ళీ మగవి పుడతాయని చూపింది.

ఉత్పత్తిదారులు జాగ్రత్తగా చదవవలసిన విషయం ఇదే. సుమారు 30 డిగ్రీలు దాటిన గదిలో తరాలు గడిస్తే బాక్టీరియా తగ్గిపోతుంది. అప్పుడు జతకట్టని తల్లికి కొడుకులే పుడతారు. ఎన్నో తరాలు మగ అవసరం లేకుండా సాగిన కొన్ని వంశాల్లో ఆడవి జతకట్టి ఫలదీకరణ పొందే సామర్థ్యాన్నే కోల్పోయాయి కనుక, అటువంటి వంశం వేడికి గురైతే అక్కడితో అంతరించవలసిందే. ఏప్రిల్‌లో 40 డిగ్రీలు దాటే వరంగల్‌లో చల్లని పెంపక గది లేకుండా ‘అన్నీ ఆడవే’ అని హామీ ఇవ్వడం సాహసం. బస్సులో తగిలిన ఎండ మాత్రం గుడ్డులో ఉన్న పురుగు లింగాన్ని మార్చదు, దాన్ని చంపుతుంది. ఈ రెంటినీ కలపకూడదు.

పైగా వోల్బాకియా సోకిన వంశం ఉచితంగా దొరికే లాభం కాదు. సోకిన, సోకని పురుగులు కలిసి ఉండే జాతుల్లో, సోకిన ఆడది మందుతో నయమైన ఆడదాని కంటే తక్కువ సంతానాన్ని కన్నట్లు ప్రయోగాల్లో తేలింది. మగవాటిని పెంచే ఖర్చు తప్పుతుంది కనుక మొత్తం మీద అది లాభసాటి కావచ్చు, కానీ ఆ లెక్క వేసి చూపాలి.

వోల్బాకియాకు ఎదురు నడిచే అంశమూ ఉంది, తరగతిలో చెప్పిన ప్రతిసారీ నన్ను ఆశ్చర్యపరిచేది అదే. అమెరికాలోని మొహావీ ఎడారిలో ఉండే కేకై అనే ట్రైకోగ్రామాలో కొన్ని మగవాటి వీర్యంలో ఒక అదనపు క్రోమోజోము ఉంటుంది. గుడ్డులోకి చేరగానే అది తండ్రి ఇచ్చిన మిగతా క్రోమోజోములన్నిటినీ నాశనం చేయించి, తాను మాత్రం మిగులుతుంది. ఆడ కావలసిన గుడ్డు మగది అవుతుంది. తనను మోసుకొచ్చిన జన్యువులనే ప్రతి తరంలోనూ తుడిచేసే ఈ క్రోమోజోము, అక్కడ వోల్బాకియా జాతి అంతటా వ్యాపించకుండా ఆపుతోంది.

మా పొలంలో మొగి పురుగు వల్ల మొవ్వు చచ్చిన పిలకలు తక్కువగానే కనిపించాయి, తెల్లకంకి కూడా పెద్దగా రాలేదు. ఒక్క పొలం, ఒక్క కాలం చూసి పూర్తి ఘనతను కార్డులకే ఇవ్వలేను కానీ, వానాకాలానికీ వీటినే తెప్పిస్తాను. ఈసారి పరాన్నజీవిని ఎక్కించిన తేదీ, పురుగులు బయటికి వచ్చే శాతం, ఆడవాటి శాతం, పెంపక గది ఉష్ణోగ్రత కార్డు వెనుక రాసివ్వాలని, పార్సిల్‌ను ఐసు సంచీతో తెల్లవారుజాము బస్సుకే వేయాలని ఆ కేంద్రానికి రాతపూర్వకంగా కోరాను. మొదటి విడత రాగానే మళ్ళీ గాజు గొట్టంలో లెక్క చూస్తాను.