శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు తిన్న ఫ్రైడ్ రైస్, నూడుల్స్

మామునూరు విమానాశ్రయం మళ్ళీ తెరుచుకునే దాకా ఓరుగల్లు వాళ్ళకు విమానమంటే శంషాబాదే. కాశీకి వెళ్ళడం కోసం అమ్మా నేనూ ఉదయం హనుమకొండలో బయలుదేరి, భువనగిరి, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి విమానాశ్రయం చేరాం. సెక్యూరిటీ తనిఖీ ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. విమానం 3.40కి. బయలుదేరడానికి 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు కనుక, త్వరగా వడ్డిస్తారన్న నమ్మకంతో దగ్గరలో కనిపించిన చైనీస్ ఫాస్ట్ ఫుడ్ కౌంటర్‌కు వెళ్ళాం.

అమ్మ మాంసం ముట్టదు. "కోడి వేయించిన మూకుట్లోనే మనకూ చేస్తరేమో, అడుగు బిడ్డా" అంది. నేను అడగ్గానే అక్కడి అబ్బాయి విసుక్కోకుండా, "లేదమ్మా, వెజ్‌కు మూకుడు, గరిటె వేరే ఉన్నయి" అంటూ రెండింటినీ పైకెత్తి చూపించాడు. ఆ ఒక్క మాటతో అమ్మ నిశ్చింతగా కూర్చుంది. శాకాహారులను తీసుకువెళ్ళేవారికి రుచికన్నా ముందు కావలసింది ఈ భరోసాయే.

వెజ్ ఫ్రైడ్ రైస్ నిజంగా బాగుంది. మెతుకు మెతుకుకూ అంటుకోలేదు, క్యారెట్, బీన్స్ పంటికింద కరకరలాడాయి, సోయా సాస్ ఉప్పదనం మితిమీరలేదు. వేడన్నాన్ని వెంటనే వేయిస్తే ముద్దవుతుంది, వండి చల్లార్చిన అన్నమే ఫ్రైడ్ రైస్‌కు అనువైనది. అందువల్ల ముందుగా వండిపెట్టుకోవడం ఈ వంటకానికి లోపం కాదు, బలమే.

హక్కా నూడుల్స్ విషయం వేరు. ఉడికించి ట్రేలో ఉంచినవాటిని ఎలక్ట్రిక్ పొయ్యి మీద వెచ్చబెట్టి ఇచ్చారు. అవి సాస్ పీల్చుకుని ఉబ్బి, ఉండలు కట్టాయి. హనుమకొండలో సాయంత్రం బండి దగ్గర పెద్ద మంట మీద మూకుడు ఎగరేస్తుంటే నూడుల్స్‌కు పట్టే ఆ కమ్మని పొగవాసన ఇక్కడ లేదు. గోబీ మంచూరియా కూడా అంతే, ఎప్పుడో వేయించిన పువ్వు గ్రేవీలో నాని మెత్తబడింది. "చైనాల ఇదే తింటరా?" అని అమ్మ అడిగింది. మంచూరియా 1970లలో ముంబైలో పుట్టిన వంటకమనీ, హక్కా అనే పేరు కలకత్తాలో స్థిరపడిన హక్కా చైనీయులదనీ చెప్పాను.

ఫ్రైడ్ రైస్ 320, నూడుల్స్ 340 రూపాయలు. విమానాశ్రయంలో ధర ఎక్కువే ఉంటుందని తెలిసే వెళ్ళాం కాబట్టి ఫ్రైడ్ రైస్‌కు ఇచ్చిన డబ్బు గురించి నాకు బాధ లేదు, ఉండకట్టిన నూడుల్స్‌కు అంత ఇవ్వడం మాత్రం అన్యాయమనిపించింది. కాంబోలో కూల్‌డ్రింక్ బదులు నీళ్ళ సీసా ఇమ్మంటే కుదరదన్నారు. విమానం పైకి వెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి తగ్గి కడుపులోని గ్యాస్ వ్యాకోచిస్తుంది కాబట్టి, ప్రయాణికులకు, ముఖ్యంగా పెద్దవారికి, నీళ్ళు కోరుకునే వీలు ఉండాలి. మేము కూల్‌డ్రింక్ వదిలేసి అక్కడి తాగునీటి కుళాయి దగ్గర సీసా నింపుకున్నాం.

ఆర్డర్ ఇచ్చిన పది నిమిషాల్లో పళ్ళెం చేతికి వచ్చింది, తినడానికి మరో ఇరవై నిమిషాలు పట్టింది. అంత వ్యవధి లేనివారు ఫ్రైడ్ రైస్ ఒక్కటే పార్సిల్ కట్టించుకోవాలి, అది పొడిగా ఉంటుంది కాబట్టి సీట్లో కూర్చుని తిన్నా ఒలకదు.