ఏళ్లుగా వింటున్న కరెంట్ అఫైర్స్ పాడ్‌కాస్టులు: ఏవి నిలబడ్డాయి, ఏవి తీసేశాను

పాడ్‌కాస్టుల గురించి ఎవరు అడిగినా 'ఏది బాగుంటుంది' అనే అడుగుతారు. వారం రోజులు వింటే అన్నీ బాగానే ఉంటాయి. మంచి గొంతు, మంచి మ్యూజిక్, ఇద్దరు ముగ్గురు కలిసి సరదాగా మాట్లాడుకోవడం, ఇవన్నీ మొదట్లో కట్టిపడేస్తాయి. ఏళ్ల తరబడి విన్నాక మాత్రం నేను చూసేది ఒక్కటే: మాట్లాడుతున్న మనిషి ఆ సంగతి తనకెలా తెలిసిందో చెప్తున్నారా లేదా. తను వెళ్లి చూశారా, కాగితాలు చదివారా, ఎవరైనా చెప్పారా, లేక ఊహిస్తున్నారా? ఇది చెప్పేవి నా ఫోన్‌లో ఉన్నాయి, చెప్పనివి ఒక్కొక్కటే పోయాయి. నేను ఎక్కువగా మెట్రోలో మియాపూర్ లైన్‌లో వెళ్తూ, ఇంట్లో వంట చేస్తూ వింటాను కాబట్టి వీడియో సంగతి ఇక్కడ చెప్పను, చెవితో వినేదాని గురించే.

అందరికీ తెలిసిన 'ది డైలీ'తో మొదలుపెడతాను. న్యూయార్క్ టైమ్స్ దీన్ని 2017 ఫిబ్రవరి 1న మొదలుపెట్టింది. సోమవారం నుంచి శుక్రవారం వరకూ రోజుకి ఒకే విషయం తీసుకుని సుమారు అరగంట చెప్తారు. షో నడిపే మైకేల్ బార్బారో ఎదుట కూర్చునేది ఎక్కువగా ఆ వార్త రాసిన రిపోర్టరే. దీని బలమంతా అక్కడే ఉంది. బార్బారో పెద్దగా అభిప్రాయాలు చెప్పరు, మీరు ఎవరితో మాట్లాడారు, వాళ్లు ఏమన్నారు, తర్వాత ఏమైంది అని అడుగుతూ పోతారు, మధ్యమధ్యలో ఆ 'హ్మ్' ఒకటి ఉంటుంది, కొంతమందికి అది చిరాకు, నాకు మాత్రం రిపోర్టర్ ఊపిరి తీసుకోవడానికి ఇచ్చిన సమయంలా వినిపిస్తుంది. కోర్టు తీర్పుల ఎపిసోడ్లు మరీ బాగుంటాయి. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును కొట్టేసినప్పుడు, తీర్పులో ఏ జడ్జి ఏమన్నారో, దాని ముందు యాభై ఏళ్ల చరిత్ర ఏమిటో ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా నేను ఇంకెక్కడా వినలేదు. మన దగ్గర ఇలాంటి తీర్పు వస్తే టీవీలో పది నిమిషాలకే రెండు పార్టీల వాళ్లు అరుచుకోవడం మొదలవుతుంది.

లోపమూ ఉంది. ప్రపంచమంతా న్యూయార్క్ కిటికీలోంచే కనిపిస్తుంది. ఇండియా ప్రస్తావన ఎన్నికలప్పుడో, ఏదైనా ఘోరం జరిగినప్పుడో వస్తుంది, తర్వాత మళ్లీ ఉండదు. ఇంకోటి, 2024 చివర్లో పాత ఎపిసోడ్లను చందాదారులకే పరిమితం చేశారు. కొత్తవి ఉచితమే గానీ పాతది వెతుక్కుని వినే నాలాంటివాళ్లకి ఇది పెద్ద నష్టం, ఎందుకంటే ఈ షో గొప్పతనం సగం దాని పాత ఎపిసోడ్లలోనే ఉంది.

ఇదే పత్రిక చేసిన 'కాలిఫేట్' గురించి చెప్పకపోతే సమీక్ష పూర్తికాదు. 2018లో వచ్చింది, ఐసిస్ మీద సిరీస్. విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. అందులో ముఖ్యమైన కథ, తాను సిరియా వెళ్లి మనుషుల్ని చంపానని చెప్పుకున్న ఒక కెనడా యువకుడిది. 2020లో కెనడా పోలీసులు అతన్నే అరెస్టు చేశారు, అదంతా కట్టుకథ అనే ఆరోపణ మీద. ఆ డిసెంబరులో పత్రిక తన ప్రమాణాలకు ఆ సిరీస్ తగినట్టు లేదని ఒప్పుకుంది, రేడియో, టీవీ కార్యక్రమాలకి ఇచ్చే పీబాడీ అవార్డు దానికి వస్తే తిరిగి ఇచ్చేసింది. ఆ సిరీస్‌లో రిపోర్టర్ అనుమానాలు కూడా వినిపిస్తాయి, నిజమే, కానీ ఆ అనుమానాన్ని కథకి మసాలాగా వాడుకున్నారే తప్ప దాన్ని చూసి ఆగలేదు. సౌండ్ డిజైన్ ఎంత గొప్పగా ఉంటే అంత జాగ్రత్తగా వినాలని నాకు అప్పుడే తెలిసింది. అయినా సరే, తప్పు జరిగిందని ఎడిటర్‌ని కూర్చోబెట్టి ఆడియోలోనే ప్రశ్నలు అడిగి వినిపించారు చూడండి, దానికి మాత్రం మార్కులు వేస్తాను. మన న్యూస్ ఛానెళ్లు అలా ఒక్కసారి చేసినా చాలు, నేను నమ్మడం మొదలుపెడతాను.

టెక్నాలజీకి నా వరకూ 'హార్డ్ ఫోర్క్' తర్వాతే ఏదైనా. ఇదీ న్యూయార్క్ టైమ్స్‌దే. కెవిన్ రూస్, కేసీ న్యూటన్ చేస్తారు, 2022 అక్టోబరులో మొదలైంది, చాట్‌జీపీటీ రావడానికి కొన్ని వారాల ముందు. అంటే ఏఐ గోల మొత్తం వాళ్ల కళ్ల ముందే జరిగింది. 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ బింగ్ చాట్‌బాట్ రూస్‌తో నిన్ను ప్రేమిస్తున్నాను, నీ భార్యను వదిలెయ్ అని మాట్లాడిన సంగతి గుర్తుందా? ఆ సంభాషణ మొత్తం అక్షరం పోకుండా పత్రికలో వేశారు. భయపడాలో నవ్వాలో చదివేవాళ్లే తేల్చుకోవచ్చు. అలాగే చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ బోర్డు 2023 నవంబరు 17న తన సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ను తీసేసినప్పుడు, దానికి రెండు రోజుల ముందు ఆయనతో రికార్డు చేసిన ఇంటర్వ్యూ ఒకటి వీళ్ల దగ్గర ఉంది. దాన్ని బయటపెడుతూ ఇది ఎప్పటిదో, అప్పటికి ఎవరికి ఏమి తెలియదో ముందే చెప్పారు. ఆ ఎపిసోడ్ ఇప్పుడు విన్నా పాతబడలేదు. టైమ్స్ సంస్థ ఓపెన్‌ఏఐ మీద, మైక్రోసాఫ్ట్ మీద వేసిన కాపీరైట్ కేసు సంగతి కూడా ఆ కంపెనీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చెప్తారు. కొత్తవాళ్లకి విసుగొస్తుంది. నాకు గౌరవం పెరిగింది.

కానీ ఇది శాన్ ఫ్రాన్సిస్కో షో. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో సర్వీస్ కంపెనీల్లో పనిచేసే వాళ్ల ఉద్యోగాల మీద ఏఐ ఏం చేస్తుందనే ప్రశ్న, ఇక్కడ ఇంటింటా టెన్షన్ పెడుతున్న ప్రశ్న, అందులో నేను విన్నంతలో దాదాపు లేదు. హెచ్‌-1బీ కూడా అంతే. 2025 సెప్టెంబరులో కొత్త అప్లికేషన్లకి లక్ష డాలర్ల ఫీజు అని ట్రంప్ ప్రకటించినప్పుడు, తెలుగు కుటుంబాల్లో ఆ రాత్రి ఫోన్లు ఎలా మోగాయో మనకి తెలుసు. ఈ విషయం మీద నేను విన్న అమెరికన్ చర్చలన్నీ కంపెనీల లాభనష్టాలు, ఓట్ల లెక్కలు. పెట్టె సర్దుకుని ఎయిర్‌పోర్టులో నిలబడిన మనిషి వాటిలో కనిపించడు.

'ది రెస్ట్ ఈజ్ పాలిటిక్స్' బ్రిటన్ షో, 2022లో మొదలైంది. ప్రధానిగా ఉన్న టోనీ బ్లెయిర్ దగ్గర పనిచేసిన అలిస్టర్ క్యాంప్‌బెల్, కన్జర్వేటివ్ మంత్రిగా చేసిన రోరీ స్టూవర్ట్. వాదించుకుంటారు కానీ తిట్టుకోరు. స్టూవర్ట్‌కి అఫ్ఘానిస్తాన్, ఇరాక్ స్వయంగా తెలుసు, ఆ దేశాల గురించి ఆయన మాట్లాడితే పనులు ఆపి వింటాను. అదే మనిషి 2024 అమెరికా ఎన్నికల్లో కమలా హారిస్ తేలిగ్గా గెలుస్తారని గట్టిగా చెప్పారు. ఓడిపోయాక తన అంచనా తప్పిందని ఒప్పుకుని ఎక్కడ తప్పిందో మాట్లాడారు, బాగానే ఉంది. అయినా నాకు తేడా స్పష్టంగా కనిపించింది, తెలిసిన చోట ఆయన బంగారం, ఊహించే చోట టీ కొట్టు దగ్గర మాట్లాడే నాలాంటివాడే. ఇక క్యాంప్‌బెల్ 2003 ఇరాక్ యుద్ధం గురించి మాట్లాడుతుంటే నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది. అప్పుడు బ్లెయిర్ ప్రభుత్వం మాట జనానికి చేరవేసింది ఆయనే కదా.

అమెరికా ఆన్‌లైన్ పత్రిక స్లేట్ వాళ్ల 'స్లేట్ పొలిటికల్ గ్యాబ్‌ఫెస్ట్' 2005 నుంచి నడుస్తోంది. ఎమిలీ బాజెలాన్, జాన్ డికర్సన్, డేవిడ్ ప్లాట్జ్. వారానికి ఒకసారే రావడం దీని పెద్ద ప్లస్, వార్త కొంచెం చల్లారాక మాట్లాడతారు. బాజెలాన్‌కి చట్టం తెలుసు, ప్లాట్జ్ తొందరపడితే ఆవిడ ఆపి, తీర్పులో అలా లేదు అని చెప్పే క్షణాల కోసమే వింటాను. ముగ్గురి రాజకీయమూ దాదాపు ఒకటే కావడం దీని లోటు, అవతలి వైపు మనిషి ఎలా ఆలోచిస్తాడో ఇక్కడ దొరకదు.

సినిమాలు, సిరీస్‌లు, పాటల విషయానికొస్తే అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ వాళ్ల 'పాప్ కల్చర్ హ్యాపీ అవర్', 2010 నుంచీ ఉంది. లిండా హోమ్స్, గ్లెన్ వెల్డన్, స్టీఫెన్ థాంప్సన్, ఐషా హారిస్. ఇరవై నిమిషాలు అటూ ఇటూ. వాళ్లు మాట్లాడే సిరీస్‌లలో సగం నేను చూడలేదు, చూడను కూడా. అయినా వింటాను. మన దగ్గర రివ్యూ అంటే ఉదయం ఆటకే మూడుంపావు రేటింగ్, మధ్యాహ్నానికి కలెక్షన్లు, సాయంత్రానికి ఫ్యాన్స్ గొడవ. వీళ్లు ఒకరికి నచ్చింది, ఇంకొకరికి నచ్చలేదు, ఏ సీన్ దగ్గర ఎందుకు అని విడమర్చి చెప్తారు, నచ్చినవాళ్లని తక్కువ చేయరు. 2023లో హాలీవుడ్ రచయితలు మే నుంచి సెప్టెంబరు దాకా సమ్మె చేసినప్పుడు, ఏఐతో స్క్రిప్టులు రాయించడం మీద నియంత్రణ కూడా వాళ్ల డిమాండ్లలో ఉంది. రాజకీయం, టెక్నాలజీ, సినిమా మూడూ ఒకే వార్తలో ఉన్నాయి. ఆ నెలల్లో నేను వినే షోలన్నీ ఒకదానికొకటి పూరకంగా పనికొచ్చాయి.

ఇక ఇండియావి. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ '3 థింగ్స్', ది హిందూ 'ఇన్ ఫోకస్', రెండూ హడావిడి లేకుండా రిపోర్టర్లతో, విషయం తెలిసినవాళ్లతో మాట్లాడిస్తాయి. ఆడియో క్వాలిటీ కొన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడినట్టే ఉంటుంది, పట్టించుకోకండి. గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివేవాళ్లు కోచింగ్ నోట్స్‌తో పాటు వీటిని కూడా వినాలి. న్యూస్‌లాండ్రీ 'హఫ్తా' వారానికోసారి, పొడవు ఎక్కువ, నవ్వులూ ఎక్కువ, కానీ చందాదారులు తిట్టిన ఉత్తరాలు కూడా చదువుతారు, ప్రకటనల డబ్బు తీసుకోకుండా నడుపుతున్నారు. 2024లో పార్టీలకి విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్ల వివరాలు బయటికి వచ్చినప్పుడు న్యూస్ మినిట్, స్క్రోల్‌తో కలిసి పనిచేసింది వీళ్లే. అమిత్ వర్మ 'ది సీన్ అండ్ ది అన్‌సీన్' వేరే లోకం, 2017లో చిన్న ఎపిసోడ్లతో మొదలై ఇప్పుడు ఒక్కొక్కటీ గంటల తరబడి ఉంటుంది. ఆయన స్వేచ్ఛా మార్కెట్ వైపు మనిషి, ఆ సంగతి దాచుకోరు. వచ్చిన అతిథి చదువు, ఊరు, అమ్మానాన్నల దగ్గర నుంచి మొదలుపెడతారు. పూర్తిగా వినక్కర్లేదు, కానీ ఆ మనిషికి ఆ అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే ఆ నిడివి కావాలి.

తెలుగులో ఏది వినమంటారు అని అడిగితే నా దగ్గర సరైన పేరు లేదు, ఇది నాకు నిజంగా బాధ. గంటల కొద్దీ ఇంటర్వ్యూలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, నాయకుడు చెప్తుంటే ఎదుటివాళ్లు తల ఊపుతారు, ఒక్క ఎదురు ప్రశ్న ఉండదు. విషయాలు లేకనా? మేడిగడ్డ బరాజ్ పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగాయి. అక్కడికి వెళ్లిన రిపోర్టర్ ఏం చూశాడు, ఇంజనీర్లు ఏమన్నారు, తర్వాత కమిషన్ ముందు ఎవరేం చెప్పారు, ఇది అరగంటలో ప్రశాంతంగా చెప్పే తెలుగు షో ఒకటి ఉంటే ఎంతమంది వింటారో. అమరావతి కూడా అంతే. 2015లో భూములు ఇచ్చిన రైతుల దగ్గర నుంచి, మూడు రాజధానుల బిల్లు, 2022 మార్చి హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పనులు, వరసగా చెప్తే పది ఎపిసోడ్లు. రిపోర్టర్లు మన దగ్గర ఉన్నారు, జిల్లాల్లో మంచివాళ్లు ఉన్నారు. వాళ్లని కూర్చోబెట్టి నీకెలా తెలిసింది అని అడిగేవాళ్లు కావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు '3 థింగ్స్'తో మొదలుపెట్టండి, యాస సమస్య ఉండదు. అమెరికావి కష్టంగా ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టుకుని వినండి, ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో 2024 నుంచి ఆ సౌకర్యం ఉంది. స్పీడ్ పెంచకండి, రిపోర్టర్ జవాబు చెప్పే ముందు తడబడటం కూడా వినాల్సిందే. డబ్బు ఒక్కదానికే పెట్టగలిగితే నేనైతే 'హఫ్తా'కే పెడతాను, మిగతావి ఉచితంగా వచ్చినంత చాలు.