మొదటి ట్యూబ్ యాంప్: ఛాంపా, డీలక్సా?

ఒంగోలు, కావలి, నెల్లూరు కుర్రాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంట్లోనే ట్యూబ్ గిటార్ యాంప్ కడదామనుకుంటున్నా. ఛాంప్ కట్టనా, డీలక్స్ కట్టనా?" రెండూ అమెరికా కంపెనీ ఫెండర్ వాళ్ల 1950ల నాటి ట్వీడ్ (పెట్టెకు ట్వీడ్ గుడ్డ అంటించిన రకం) సర్క్యూట్లే, పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో (వాల్వులతో) పనిచేసేవి. ఛాంప్ అంటే 5ఎఫ్1, డీలక్స్ అంటే 5ఇ3. అడిగేవాళ్ల దగ్గర డ్రాయింగులు ఎలాగూ ఉంటాయి, సోల్డరింగ్ కూడా వచ్చే ఉంటుంది. వాటి జోలికి పోను.

ఎవర్ని అడిగినా "ముందు ఛాంప్ కట్టు" అనే అంటారు. దాంట్లో ఉండేవి మూడే ట్యూబులు: సిగ్నల్ పెంచడానికి ఒక 12ఏఎక్స్7, స్పీకర్‌ను నడపడానికి ఒక 6వి6, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్‌గా 5వై3. నాబు కూడా ఒక్కటే. డీలక్స్‌లో 6వి6లు రెండు, ముందు 12ఏవై7, ఆ వెనక 12ఏఎక్స్7, రెక్టిఫయర్ మళ్లీ 5వై3. పార్టులు తగ్గితే తప్పులు తగ్గుతాయన్న లెక్క అది. కిట్ మొత్తం పెట్టెలో వచ్చే చోట ఆ లెక్క సరిపోతుంది. మన దగ్గర కథంతా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర తేలుతుంది.

మిగతా సామాను పెద్ద సమస్య కాదు. పొద్దున్నే పినాకిని రైలు ఎక్కి చెన్నైలో దిగితే రిచీ స్ట్రీట్‌లో రెసిస్టర్లు, కెపాసిటర్లు, పాట్లు, సాకెట్లు వెతుక్కోవచ్చు. ట్యూబులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ అలా కాదు. అది ఇనుము, బరువు. బయటి దేశం నుంచి తెప్పిస్తే సరుకు ధరకు తోడు కొరియరు, కస్టమ్సు కలిసి తడిసి మోపెడవుతుంది. పైగా అమెరికావాళ్లకు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. స్టెప్‌డౌన్ పెట్టి వోల్టేజీ సరిచేసుకోవచ్చు కానీ ఫ్రీక్వెన్సీ మారదు. 60కి కొలిచి చేసిన కోర్ (లోపలి ఇనుప దిమ్మ) మన 50లో 20 శాతం ఎక్కువ ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) మోయాలి. మే నెల నెల్లూరు ఎండల్లో దాన్ని అలా కాల్చుకోవడం దేనికి? కాబట్టి చాలామంది చివరికి వచ్చేది ఊళ్లో స్టెబిలైజర్లు కట్టే షాపుకే.

మన దగ్గర చుట్టేవాళ్లకు పని బాగా వచ్చు. రొయ్యల గుంటల పుణ్యమా అని ఏరేటర్ మోటార్ల రీవైండింగ్ వాళ్లకు ఖాళీ ఉండదు. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు కావలసిన వోల్టేజీలు రాసిస్తే బ్రహ్మాండంగా చుడతారు. ప్రైమరీలో (కరెంటు లోపలికొచ్చే చుట్టలో) 230తో పాటు 250 ట్యాప్ కూడా అడగండి, రాత్రి పొద్దుపోయాక మన వోల్టేజీ ఎంత పైకి పోతుందో తెలిసిందే కదా. ఇంతవరకు ఛాంప్‌కైనా డీలక్స్‌కైనా ఒకటే. తేడా వచ్చేది ట్యూబులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర.

డీలక్స్‌లో రెండు 6వి6లు ఎదురెదురుగా, పుష్-పుల్‌లో పనిచేస్తాయి. ప్రైమరీ రెండు సగాల్లో పారే డీసీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకని స్టాంపింగులు (కోర్‌లో పేర్చే ఇనుప రేకులు) మామూలుగానే పేర్చాలి, ఇంగ్లీషు ‘ఈ’ ఆకారపు ముక్క ఒకటి ఇటు నుంచి, మరొకటి అటు నుంచి. చుట్టేవాళ్ల చెయ్యి ఎటూ ఆ పనే చేస్తుంది. బాబిన్ ఒడిలో పెట్టుకుని, ఇటొకటి అటొకటి దూరుస్తూ, మధ్యమధ్యలో చెక్క సుత్తితో అంచులు తడుతూ కబుర్లు చెబుతూనే పేర్చేస్తారు.

ఛాంప్‌లో ఉండేది ఒక్కటే 6వి6. దాని కరెంటు, సుమారు 45 మిల్లీయాంపులు, ఎప్పుడూ ఒకే దిక్కున ప్రైమరీలో పారుతుంటుంది. దానికి ‘ఈ’ ముక్కలన్నీ ఒక వైపు, ‘ఐ’ ఆకారపు ముక్కలన్నీ ఇంకో వైపు పెట్టి, మధ్యలో పలచటి కాగితంతో గ్యాప్ వదలాలి. లేకపోతే కోర్ సాచురేట్ అయి (ఇక అయస్కాంతం మోయలేక) బేస్ చచ్చిపోతుంది. ఈ మాట చెబితే నాకు చుట్టిచ్చే పెద్దాయన చెయ్యి ఆపి, "మధ్యలో కాగితం పెడితే గుయ్యిమనదా సార్?" అన్నాడు. ఆయన అనుభవంలో అది నిజమే, స్టెబిలైజర్‌కు సందు ఉండకూడదు. మీరు పక్కన నిలబడకపోతే ఆయన అలవాటు ప్రకారం చక్కగా అల్లి, వార్నిష్‌లో ముంచి ఇచ్చేస్తాడు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి.

రెండోది హమ్, అంటే స్పీకర్‌లో కరెంటు గుయ్యిమనే శబ్దం. ఫిల్టర్లు ఎంత పెట్టినా సప్లైలో కొంత అల మిగులుతుంది. డీలక్స్‌లో అది ప్రైమరీ రెండు సగాలకూ సమానంగా వచ్చి రద్దవుతుంది. ఛాంప్‌లో నేరుగా స్పీకర్‌లోకి పోతుంది. అమెరికాలో ఆ అల 120 హెర్ట్జులు, మనకు 100. అంటే అవే కెపాసిటర్లకు మన దగ్గర 20 శాతం ఎక్కువ మిగులుతుంది. డ్రాయింగులో ఉన్న 16, 8, 8 మైక్రోఫారడ్లు చాలవు. 5వై3 పక్కన మొదటిదాన్ని 20 దాటించకుండా, తర్వాతి రెండూ పెంచుకోవాలి.

మూడోది ఫీడ్‌బ్యాక్. ఛాంప్‌లో స్పీకర్ నుంచి 22కె రెసిస్టర్ ద్వారా ఒక తీగ వెనక్కి వస్తుంది. ఊళ్లో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ తీగలకు రంగుల వరస ఉండదు. సగం సార్లు ఫేజ్ తిరగబడి ఆన్ చెయ్యగానే కీచుమంటుంది. సెకండరీ (స్పీకర్ వైపు) తీగలు అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది కానీ, మొదటిసారి కట్టినవాడికి అప్పుడొచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. డీలక్స్‌లో ఫీడ్‌బ్యాకే లేదు.

"డీలక్స్ 12 వాట్లు కదన్నా, ఇంట్లో గోల కాదా?" అంటారు. ఛాంప్ 5 వాట్లు. రెండింటికీ మధ్య తేడా నాలుగు డెసిబెల్స్ కూడా లేదు. నాబు తిప్పితే పక్కింటాయన రెండింటికీ వస్తాడు.

స్పీకర్ విషయంలోనూ నా ఓటు డీలక్స్‌కే. దానికి కావలసిన 12 అంగుళాల 8 ఓమ్ స్పీకర్ మైక్‌సెట్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అంచు కాగితంతో ఉన్నదే తీసుకోండి. ఛాంప్ 8 అంగుళాల స్పీకరంటే షాపువాళ్లు రబ్బరు అంచు కారు వూఫర్ చేతిలో పెడతారు, అది గిటార్‌కు మూగది. ఛాంప్‌కూ 12 పెట్టొచ్చు, కానీ చిన్న పెట్టె అన్న లాభం పోతుంది.

ఛాంప్‌కు అన్యాయం చెయ్యకూడదు. దానికి 6వి6 జత కొనక్కర్లేదు, డీలక్స్‌కు దగ్గర దగ్గర కరెంటు లాగే జత ఉండాలి. గదిలో రికార్డింగుకే అయితే, గ్యాప్ పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే, ఛాంప్ హాయి. మొదటి కాథోడ్ రెసిస్టర్‌కు 25 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తగిలిస్తే గెయిన్ (సిగ్నల్‌ను పెంచే బలం) పెరుగుతుంది. ఫీడ్‌బ్యాక్ తీగకు స్విచ్ పెడితే రెండో గొంతు వస్తుంది. మార్పులకు అక్కడితో చోటు అయిపోతుంది. డీలక్స్‌లో 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్లు 0.022 చేస్తే వదులు బేస్ బిగుస్తుంది, హంబకర్ (రెండు కాయిల్స్ పికప్) గిటార్ ఉన్నవాళ్లు ముందు చెయ్యాల్సింది ఇదే. 12ఏవై7 తీసి 12ఏఎక్స్7 పెడితే పంపు కొట్టినట్టు గెయిన్ వస్తుంది. నాకైతే 12ఏవై7తోనే బాగుంది, వాల్యూమ్ నాబు మెల్లగా పలుకుతుంది.

ఏది కట్టినా మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బోర్డు (బల్బు ద్వారా కరెంటు ఇచ్చే బోర్డు) ద్వారానే, ఎల్‌ఈడీ కాదు, పాత ఫిలమెంట్ బల్బుతో. లోపల 300 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నిలుస్తుంది.

మార్షల్ 18 వాట్ల గురించి కూడా అడుగుతారు. దాంట్లో వాడే ఈఎల్84 ట్యూబులు పాత రేడియో రిపేరర్ల దగ్గర బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్రతో ఇంకా దొరుకుతుంటాయన్నది దాని ఆకర్షణ. రెండో యాంప్‌కు చూసుకోండి. ఇక తాతల నాటి వాల్వు రేడియోను గిటార్ యాంప్‌గా మార్చడం: లోపల యూఎల్84, యూసీఎల్82 లాంటి యూ అక్షరం ట్యూబులుంటే దాంట్లో చాలావరకు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు, ఛాసిస్ నేరుగా కరెంటుకు తగిలి ఉంటుంది. గిటార్ తీగలూ దానికే కలుస్తాయి, ముట్టుకుంటే షాకే. దాన్ని రేడియోగానే ఉంచండి.