పగలే ఎక్కువ వెలుతురు కావాలి: సొరంగ మార్గం దీపాల రూపకల్పన సేవపై ఒక సమీక్ష

రోడ్డు సొరంగాలకు, అండర్‌పాస్‌లకు దీపాలు ఎలా ఉండాలో లెక్కగట్టి చెప్పడమే వృత్తిగా పెట్టుకున్న సంస్థలు హైదరాబాద్‌లో కూడా ఉన్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. అవసరం వచ్చినప్పుడు ట్రూప్ బజార్‌కు వెళ్లడం, ఎన్ని వాట్లవి కావాలో చెప్పడం, ఫిట్టింగులు బిగించేయడం మనకు అలవాటు. ట్రూప్ బజార్‌లో దొరకని దీపం లేదు. అయితే ఏ దీపం ఎక్కడ, ఎంతసేపు, ఎంత వెలగాలో తేల్చడం వేరే పని. ఆ పనిని అలాంటి ఒక సంస్థ మాకు ఎలా చేసి పెట్టిందో, ఎక్కడ తడబడిందో, ఇలాంటి అవసరం ఉన్నవారికి పనికి వస్తుందన్న ఉద్దేశంతో వివరంగా రాస్తున్నాను.

ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని మా కార్యాలయ సముదాయంలో రెండు భవనాల కింద నుంచి ఉత్తర దక్షిణాలుగా సాగే రోడ్డు ఒకటి ఉంది. సుమారు 200 మీటర్ల పొడవు, మధ్యలో ఒక మలుపు, రెండు వైపులా రాకపోకలు, గంటకు 30 కిలోమీటర్ల వేగ పరిమితి దాని లక్షణాలు. మలుపు కారణంగా లోపలికి ప్రవేశించేవారికి అవతలి ద్వారం కనిపించదు. పొడవు 125 మీటర్లు దాటితే పగటిపూట కూడా పూర్తి స్థాయి దీపాలు ఉండాలని సి.ఐ.ఇ. అని పిలిచే అంతర్జాతీయ ప్రకాశ సంఘం మార్గదర్శకం చెబుతుంది కనుక, పేరుకు సముదాయంలోని లోపలి రోడ్డే అయినా, వెలుతురు విషయంలో అది నిజమైన సొరంగమే. అందులో ముందునుంచీ ఉన్నవి ద్వారాల దగ్గర 150 వాట్ల సోడియం దీపాలు, లోపల ట్యూబ్‌లైట్ల వరుస. పగలూ రాత్రీ అన్నీ ఒకే తీరున వెలిగేవి. ఎండలో వచ్చిన ద్విచక్ర వాహనదారులు ద్వారం దగ్గర ఒక్కసారిగా బ్రేకు వేయడం, వెనుక వచ్చే కారు కూడా ఉలిక్కిపడి ఆగడం అక్కడ నిత్యకృత్యంగా ఉండేది.

మేము మొదట అడిగిన సరఫరాదారులందరూ సోడియం దీపాలు తీసేసి అంతకు సరిపడే ఎల్ఈడీలు పెడదామనే ప్రతిపాదించారు. ఈ సంస్థ మాత్రం దీపాల ప్రస్తావనే తేలేదు. మొదటి సందర్శనలో వారి ఇంజనీర్లు లోపలికి అడుగు పెట్టకుండా, ద్వారానికి 30 మీటర్ల అవతల, ఎండలో, రోడ్డు మీదనే నిలబడి కొలతలు తీసుకున్నారు. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఆగడానికి భారత రోడ్డు కాంగ్రెస్ లెక్క ప్రకారం పట్టే దూరం అది. లోపల అడ్డంకి ఏదైనా ఉంటే డ్రైవరు అక్కడి నుంచే దాన్ని చూడగలగాలి. అక్కడ అతని కన్ను అలవాటుపడి ఉండేది బయటి ఎండకే. ఆ కంటికి లోపల చాలినంత వెలుతురు లేకపోతే ద్వారం ఒక నల్లటి రంధ్రంలా కనిపిస్తుంది. చీకటి నుంచి వెలుతురుకు కన్ను కొద్ది క్షణాల్లోనే సర్దుకుంటుంది, వెలుతురు నుంచి చీకటికి పూర్తిగా సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది. అందువల్ల సొరంగంలో ప్రవేశ ద్వారానికి అత్యధిక వెలుతురు కావలసినది మిట్టమధ్యాహ్నం. రాత్రి బయట కూడా చీకటే కనుక లోపల రోడ్డు దీపాల స్థాయి సరిపోతుంది, అంతకు మించి వెలిగిస్తే బయటికి వచ్చేటప్పుడు ఎదురుగా చీకటి గోడ నిలిచినట్టు ఉంటుంది. మా పాత ఏర్పాటు పగలు చాలక, రాత్రి మితిమీరి, రెండు పూటలా తప్పుగానే ఉండేదని మొదటి రోజు కొలతలతోనే తేలిపోయింది.

వారు కొలిచిన తీరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సాధారణంగా మనవాళ్లు లక్స్ మీటరు, లేదా ఫోన్‌లోని యాప్ పట్టుకుని నేల మీద పడే వెలుతురును కొలుస్తారు. కానీ డ్రైవరు కంటికి చేరేది నేల మీద పడిన వెలుతురు కాదు, నేల నుంచి, గోడల నుంచి అతని వైపు తిరిగి వచ్చేది. ఒకే లక్స్ ఉన్నప్పటికీ నల్లటి తారు రోడ్డు మసకగా, కాంక్రీటు రోడ్డు తేటగా కనిపించడానికి కారణం అదే. ఈ సంస్థ అలా తిరిగి వచ్చే వెలుగును కొలిచే ల్యూమినెన్స్ మీటరు తెచ్చి, ద్వారం ఎత్తులో నాలుగో వంతు దగ్గర కేంద్రం పెట్టుకుని, 20 డిగ్రీల శంకువులో కనిపించే ఆకాశం, భవనాలు, రోడ్డు, రాతి గోడ అన్నింటి సగటును లెక్కించింది. ఈ సగటునే ఎల్20 అంటారు, డిజైన్ అంతా దీని మీదనే నిలబడుతుంది.

కొలిచే వీలు లేనప్పుడు వాడుకోవడానికి సి.ఐ.ఇ. పట్టిక ఒకటి ఉంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణంగా వెళ్లే డ్రైవరుకు ఎదురయ్యే ఆకాశపు వెలుగును చదరపు మీటరుకు 16,000 క్యాండెలాలుగా (కంటికి కనిపించే వెలుగుకు ఇది కొలమానం), ఉత్తరంగా వెళ్లే వారికి 8,000గా అది సూచిస్తుంది. భవనాల విషయంలో ఇది తారుమారవుతుంది. ఉత్తరంగా వెళ్లేవారికి ఎదురయ్యేవి ఎండ పడే దక్షిణ ముఖాలు కనుక వారికి 8,000, దక్షిణంగా వెళ్లేవారికి 4,000. ఈ పట్టికను హైదరాబాద్‌కు యథాతథంగా అన్వయించకూడదని ఈ సంస్థ పట్టుబట్టింది. మన నగరం 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నందువల్ల మే రెండో వారంలోను, ఆగస్టు మొదట్లోను మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ మధ్య కాలంలో కాస్త ఉత్తరానికే ఉంటాడు. అప్పుడు దక్షిణ ముఖంగా ఉన్న గోడ మీద మధ్యాహ్నం ఎండే పడదు. డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం కూడా 51 డిగ్రీల ఎత్తుకు మించడు, అదే గోడ మీద ఎండ సూటిగా పడుతుంది. అందుకే వేసవిలో తీసుకున్న కొలతలతో తృప్తి పడక, డిసెంబరులో మళ్లీ కొలిచేదాకా తుది డిజైన్ ఇవ్వబోమన్నారు. మా యాజమాన్యానికి ఈ ఆలస్యం ఏమాత్రం నచ్చలేదు. కానీ దక్షిణ ద్వారం దగ్గర అత్యధిక అంకె, దాదాపు 3,000 క్యాండెలాలు, వచ్చింది ఆ చలికాలపు కొలతల్లోనే. వేసవి అంకెతో డిజైన్ చేసి ఉంటే ఏటా కొన్ని నెలలు ఆ ద్వారం నల్లగానే కనిపించి ఉండేది. ఈ సేవలో నేను అన్నింటికన్నా విలువైనదిగా భావించేది ఈ పట్టుదలనే.

ఆ తరువాత వారు చేసిన మొదటి సిఫారసు మమ్మల్ని ఆశ్చర్యపరిచింది: లోపల వెలుతురు పెంచే ముందు బయటి వెలుగు తగ్గించమన్నారు. దక్షిణ ద్వారం చుట్టూ ఆర్కిటెక్టు మెరుగు పెట్టిన తెల్ల గ్రానైటు అతికించారు. చూపుకు అందంగానే ఉంటుంది, అయితే ఆ తెలుపే కంటిని మిరుమిట్లు గొలిపి లోపలి చీకటిని మరింత చిక్కన చేస్తోంది. 1990 నాటి సి.ఐ.ఇ. మార్గదర్శకంలో, ఆగడానికి 60 మీటర్లు పట్టే వేగానికి ఎల్20లో 5 శాతం, 100 మీటర్లకు 6 శాతం, 160 మీటర్లకు 10 శాతం వెలుతురు ద్వారం లోపల ఉండాలని ఉంది. మా వేగం అంతకన్నా తక్కువ కనుక వారు 5 శాతం తీసుకున్నారు. అంటే 3,000కు 150 క్యాండెలాలు కావాలి. బయటి సగటును తగ్గించగలిగితే లోపలి అవసరం కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది, దీపాలు, కేబుళ్లు, కరెంటు అన్నీ తగ్గుతాయి. ఆర్కిటెక్టుతో సుదీర్ఘ వాదన జరిగిన తరువాత తెల్ల రాయి స్థానంలో గరుకైన ముదురు బూడిద రంగు రాయి వేయించి, పైన తీగలు పాకించాం. దీపాలు అమ్ముకునే సంస్థ అయితే ఈ సలహా ఇచ్చి ఉండేది కాదు. వీరు ఫిట్టింగులు అమ్మరు, డిజైనుకు మాత్రమే ఫీజు తీసుకుంటారు, ఆ తేడా ఇక్కడ స్పష్టంగా తెలిసింది.

లోపల గోడలకు రెండు మీటర్ల ఎత్తు వరకు మెరుపు లేని లేత రంగు వేయించారు. రోడ్డు వెలుగులో కనీసం 60 శాతం గోడల మీద కూడా ఉండాలన్నది నియమం, ఎందుకంటే అడ్డంగా వచ్చే మనిషి చాలాసార్లు గోడ నేపథ్యంలోనే కనిపిస్తాడు. మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చినది ఈ రంగే.

దీపాల అమరికలో ద్వారం నుంచి మొదటి 15 మీటర్లు పూర్తి స్థాయి, తరువాతి 15 మీటర్లలో క్రమంగా 40 శాతానికి దిగుదల, అక్కడి నుంచి కన్ను అలవాటుపడే వేగాన్ని బట్టి మెల్లగా తగ్గుదల. రెండు దిశల్లోనూ రాకపోకలు ఉన్నందున రెండు ద్వారాలనూ ప్రవేశ ద్వారాలుగానే లెక్కించారు. వచ్చే వాహనానికి ఎదురుగా కాంతి వేసి అడ్డంకిని నల్లని ఆకారంగా చూపే పద్ధతి ఒకటి పెద్ద సొరంగాల్లో వాడతారు. మాకది వద్దన్నారు. ఒక దిశకు ఎదురుగా పడే కాంతి రెండో దిశకు వెనుక నుంచి పడుతుంది కనుక, ఒకే గొట్టంలో రెండు దిశలున్న చోట దాని ప్రయోజనం నెరవేరదన్న వారి వాదన సమంజసమైనదే.

పాత ట్యూబ్‌లైట్ల మధ్య దూరం మీటరున్నర. 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 8.3 మీటర్లు, కాబట్టి వెలుగునీడలు సెకనుకు అయిదారు సార్లు కళ్ల ముందు మారేవి. సెకనుకు 4 నుంచి 11 సార్ల మధ్య ఈ మిణుకు 20 సెకన్లకు మించి సాగితే డ్రైవరుకు చికాకు కలిగిస్తుంది, మా సొరంగం దాటడానికి 24 సెకన్లు పడుతుంది. కొత్త దీపాలను 4 మీటర్ల దూరంలో పెట్టడంతో అది సెకనుకు రెండుకు తగ్గింది. లోపల ఏదో ఇబ్బందిగా ఉంటుందని క్యాబ్ డ్రైవర్లు ఎన్నో ఏళ్లుగా అంటున్న మాటకు కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. ఇప్పుడు ఆ ఫిర్యాదు రావడం లేదు.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా పట్టించుకున్నారు. సోడియం దీపం ఆరితే మళ్లీ వెలగడానికి నిమిషాలు పట్టేది, మే నెల గాలివానల్లో జనరేటర్ అందుకున్నా ద్వారం చీకటిగానే ఉండేది. ఇప్పుడు కొన్ని ఎల్ఈడీలు యూపీఎస్ మీద ఆగకుండా వెలుగుతాయి. ఎల్ఈడీలకు కరెంటు అందించే డ్రైవర్ యూనిట్లను కప్పులో కాకుండా పక్క ప్యానెళ్లలో పెట్టించినందువల్ల వాటి మరమ్మతుకు రోడ్డు మూయనవసరం లేదు.

లోపాలు రెండున్నాయి, రెండూ చిన్నవి కావు. బయటి వెలుతురును బట్టి లోపలి దీపాలను హెచ్చించే, తగ్గించే సెన్సర్‌ను దక్షిణ ద్వారం ఎదుటి స్తంభానికి బిగించారు. ఆ పక్కనే తురాయి చెట్టు ఉంది. వానలకు కొమ్మ పెరిగి సెన్సర్‌కు అడ్డం రావడంతో, బయట మబ్బు పట్టిందని భ్రమించి అది మధ్యాహ్నం పూట దీపాలను తగ్గించేసింది. కబురు చేసినా వారు వెంటనే రాలేదు, అంతవరకు మా సిబ్బంది చేత్తో స్విచ్చులు వేసుకోవలసి వచ్చింది. కొలతల్లో అంత నిశితంగా ఉన్నవారు ఏడాదిలో చెట్టు ఎంత పెరుగుతుందో ఊహించకపోవడం నాకు బాధ కలిగించింది. రెండవది, నిర్వహణ పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఇచ్చారు. అద్దాలు ఎప్పుడు తుడవాలి, ఏ సర్క్యూట్ ఏ వెలుతురు దశకు చెందినది, సెన్సర్ విఫలమైతే ఏం చేయాలి అన్నవి రోజూ చదవవలసినవారు మా ఎలక్ట్రీషియన్లు. వారిలో ఎక్కువమంది తెలుగో హిందీయో చదువుతారు. తెలుగు ప్రతి కోసం పలుమార్లు అడగవలసి వచ్చింది. మన నగరపు దుమ్ములో తుడవని దీపం ఎంత మంచి డిజైన్‌నైనా కొన్ని నెలల్లోనే పాడు చేస్తుంది కనుక దీన్ని లాంఛనప్రాయమైన విషయంగా కొట్టిపారేయలేను.

ఫీజు విషయానికి వస్తే, అది ఫిట్టింగుల ఖరీదులో పదో వంతు లోపే అయింది. పొట్టి అండర్‌పాస్ ఉన్నవారికి, అవతలి ద్వారం నేరుగా కనిపించే చోట, ఇంత విస్తృతమైన సేవ అవసరం ఉండకపోవచ్చు. పొడవైన సెల్లార్ దారులు, మలుపుతో కూడిన భూగర్భ మార్గాలు ఉన్న ఆసుపత్రులు, గేటెడ్ కమ్యూనిటీలు, సాఫ్ట్‌వేర్ సముదాయాలకు మాత్రం నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. దేశంలో రోడ్డు సొరంగాలకు వర్తించే, భారత రోడ్డు కాంగ్రెస్ వారి ఐ.ఆర్.సి. ఎస్.పి. 91 మార్గదర్శకాలు 2010లో వచ్చి 2019లో సవరణ పొందాయి. డిజైన్ నివేదికలో వాటిని, పైన చెప్పిన సి.ఐ.ఇ. మార్గదర్శకమైన సి.ఐ.ఇ. 88ను ఏ అంశానికి ఎక్కడ అనుసరించారో చూపమని అడగండి. వీరు అడగకముందే చూపారు.

మా రెండో భవనం సెల్లార్ దారి పనిని కూడా వీరికే అప్పగించాం. అయితే ఒప్పందంలో ఈసారి మూడు షరతులు చేర్చాం. సెన్సర్ స్థానాన్ని తోటపని చూసేవారితో కలిసి నిర్ణయించాలి, ఫిర్యాదు అందిన మరుసటి రోజుకల్లా మనిషి రావాలి, నిర్వహణ పుస్తకం తెలుగు ప్రతి అందిన తరువాతే చివరి వాయిదా చెల్లిస్తాం. మూడింటికీ వారు అభ్యంతరం లేకుండా సంతకం చేశారు.