ఆల్ సీజన్ జాకెట్‌తో పదకొండు రోజులు

"ఎండకీ వానకీ చలికీ ఇదొక్కటి చాలు సార్" అన్నాడు షాపులో కుర్రాడు. బైకు మీద పదకొండు రోజుల్లో 3,200 కిలోమీటర్లు తిరగాల్సిన వాణ్ని, ఒక్క జాకెట్‌తో పనైపోతుందంటే నాకేం చేదు? పైన గాలి ఆడే జాలీ బట్ట (మెష్), లోపల జిప్పుతో తగిలించుకునే వాన లైనర్ ఒకటి, చలి లైనర్ ఒకటి. పదకొండు రాత్రుల గదుల అద్దె మొత్తం కలిపినా ఈ జాకెట్ ధర కంటే తక్కువే. నేను కొన్నదేమిటో మూడో రోజు ఘాట్ రోడ్డు మీద తెలిసింది.

మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు. రోడ్డు బాగుంది, గదులు బాగున్నాయి.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు నల్లగా కమ్ముకొచ్చింది. మా బావ బండి పక్కకి తీసి, ట్యాంక్ బ్యాగ్‌లోంచి మామూలు రెయిన్ సూట్ లాగి, ఉన్న బట్టల మీదే, బూట్లు కూడా విప్పకుండా తొడుక్కున్నాడు. రెండు నిమిషాల పని. నా లైనర్ లోపల వేసుకునేది కాబట్టి ముందు జాకెట్ విప్పాలి. అంతకన్నా ముందు లైనర్ వెతకాలి. అది సైడ్ బ్యాగ్ అడుగున, చెప్పుల కింద ఉంది. తీసే లోపే వాన దంచడం మొదలుపెట్టింది. చేతుల చివర చిన్న బటన్లు, నడుం చుట్టూ జిప్పు, తడి వేళ్లకి ఆ జిప్పు మొదటి పళ్లు ఎంతకీ కలవవు. ప్యాంటుకీ ఉన్న ఇలాంటి లైనర్ జోలికే పోలేదు, దానికి నడిరోడ్డు మీద బూట్లతో పాటు ప్యాంటు కూడా విప్పాలి మరి. చివరికి జాకెట్ లైనర్ పడింది కానీ అప్పటికే టీషర్టు తడిసి ముద్దయింది. ఆ తడిని లోపల పెట్టి తాళం వేసినట్టయింది. బావ ఏమీ అనలేదు. హెల్మెట్ అద్దం పైకెత్తి చూస్తూ నిలబడ్డాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

న్యాయంగా చెప్పాలంటే లైనర్‌లోంచి నీళ్లు దిగలేదు. కానీ దాని బయట ఉన్న జాకెట్ స్పాంజిలా నీళ్లు పీల్చింది. భుజాల మీద ఎవరో కూర్చున్నంత బరువు. పైగా తడిగుడ్డ చుట్టిన కుండలో నీళ్లెలా చల్లబడతాయో, బండి మీద గాలికి నేనూ అలాగే చల్లబడ్డాను. ఒళ్లు పొడిగా ఉన్నా సరే, 10 డిగ్రీల చలిలో 80 కిలోమీటర్ల వేగంతో పోతే చర్మానికి 4 డిగ్రీల్లా అనిపిస్తుందని లెక్క. తడిసినవాడి సంగతి వేరే చెప్పాలా. ఒక దశలో క్లచ్ నొక్కుతున్నానో లేదో వేళ్లకే తెలియలేదు. అప్పుడు ఆపి టీ తాగాం.

వాన పొరని పై బట్టకే అతికించిన జాకెట్లు ఉన్నాయి. అవి నీళ్లు తాగవు, కానీ ధర గట్టిగా ఉంటుంది. అంత పెట్టలేకపోతే మంచి మెష్ జాకెట్ ఒకటి, దాని మీద ఒక సైజు పెద్దదిగా, దూరానికి కనపడే రంగులో రెయిన్ సూట్ ఒకటి కొనండి. ప్యాంటు అంచు బూట్ల మీదికి రావాలి, లోపలికి దోపితే బూట్లు చెరువులవుతాయి. అయితే బావ సూట్ కూడా కలకాలం ఏం నిలవలేదు. ఆరో రోజు కాలి అంచు సైలెన్సర్‌కి తగిలి కరిగి అంటుకుపోయింది. అప్పుడు నేనూ ఏమీ అనలేదు, హెల్మెట్ అద్దం మాత్రం ఎత్తాను.

వాన పడ్డ మూడో రోజు రాత్రి దిగిన లాడ్జిలో ఇంకో బాధ. నీళ్లు కారుతున్నాయని రిసెప్షన్ దగ్గరున్నాయన మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టాడు. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదట, ఫ్యాన్‌కి తగిలించకూడదట. కిటికీ ఊచలకి జాకెట్ వేలాడదీసి, త్వరగా ఆరుతుందని పడితే దెబ్బ తగలకుండా పెట్టే లోపలి ప్యాడ్లు ఒక్కొక్కటే బయటికి లాగాను. మోచేతి ప్యాడ్ మీద ఈఎన్ 1621-1, లెవెల్ 1 అని ముద్ర ఉంది, అది ఇలాంటి ప్యాడ్లకి యూరప్ ప్రమాణం. భుజాల ప్యాడ్లూ అంతే. వీపు దగ్గర చెయ్యి పెడితే మెత్తని స్పాంజి ముక్క వచ్చింది. దాని మీద ముద్ర లేదు, పేరు లేదు, ఏమీ లేదు. చెప్పుల పెట్టెలో అడుగున పెట్టే స్పాంజి లాంటిది. వీపు ప్యాడ్‌కి ఈఎన్ 1621-2 అని వేరే ప్రమాణం ఉంది. పరీక్షలో కొట్టిన దెబ్బలోంచి సగటున 18 కిలోన్యూటన్ల (బలానికి కొలత) లోపు మాత్రమే వీపుకి చేరనిస్తే లెవెల్ 1, 9 లోపైతే లెవెల్ 2. నా స్పాంజికి ఏ లెవెలూ లేదు. వాన కన్నా దీనికే నాకు ఎక్కువ మండింది. కొనేటప్పుడే ప్యాడ్లు లాగి చూడండి, షాపువాడు మొహం మాడ్చుకున్నా పర్లేదు.

ఘాట్ దిగి కిందికి వచ్చాక ఎండలో మాత్రం మెష్ తన పని తాను చేసింది. అయితే 40 డిగ్రీలు దాటిన రోజున గాలే వేడిగా తగులుతుంది, మెష్ ఉన్నా లాభం లేదు. లోపలి టీషర్టు తడిపి వేసుకుని, జిప్పులు సగం మూసుకుంటే గంట సేపు హాయి. ఆరుతుందనుకున్నప్పుడు మళ్లీ తడపాలి. మూడో రోజు నన్ను ఏడిపించిన తడే ఎనిమిదో రోజు కాపాడింది. రోజంతా సీటు మీద కూర్చునేవాళ్లు మాత్రం కాటన్ డ్రాయర్లు వద్దు. చెమట పట్టి, కుట్లు ఒరుసుకుని, సాయంత్రానికి నడక మారిపోతుంది.

ఇక సామాను. పనిముట్లు, చైన్‌కి కొట్టే ల్యూబ్, పంక్చర్ కిట్ అన్నీ వెనక టాప్ బాక్స్‌లో పడేశాను, తీయడం సులువని. వేగం 90 దాటగానే హ్యాండిల్ సన్నగా ఊగడం మొదలైంది. టైరులో గాలి చూశాం, బేరింగు అనుమానించాం, బావకి టెన్షన్ పట్టుకుంది. చివరికి బరువంతా సైడ్ బ్యాగుల్లో కిందికి, సీటు దగ్గరికి జరిపితే ఊగడం ఆగిపోయింది. బరువు వెనక చక్రం ఇరుసు దాటి, పైగా ఎత్తులో ఉంటే ముందు చక్రం తేలికైపోతుంది. బరువు పెరిగినప్పుడు మాన్యువల్లో చెప్పినంత గాలి ఎక్కువ కొట్టించాలి, వెనక సస్పెన్షన్ స్ప్రింగు బిగించాలి. ఈ రెండూ నేను ఐదో రోజు దాకా చేయలేదు.

ఇంటికొచ్చాక సామాను తూకం వేశాను. మొత్తం 23 కిలోలు, అందులో బ్యాగులోంచి బయటికే రానివి 9. రెండో జీన్స్, మూడు షర్టులు, దుప్పటి, ఒక లావు పుస్తకం. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ముక్కలు పది గ్రాములు కూడా ఉండవు. గాలి హోరు తగ్గించి, సాయంత్రం తలనొప్పి లేకుండా చేసినవి అవే.

జాకెట్ పట్టుకుని షాపుకి వెళ్లాను. ఆ కుర్రాడు ఆ రోజు లేడు. ఓనర్ లేబుల్ తిరగేసి చూపించాడు, వాటర్ రెసిస్టెంట్ అని, అంటే నీళ్లని కొంతవరకే ఆపుతుందని రాసుంది. "వాటర్‌ప్రూఫ్ అని ఎక్కడా రాయలేదు సార్" అన్నాడు. వీపు స్పాంజి బల్ల మీద పెట్టి దీని సంగతేంటని అడిగాను. లోపలికెళ్లి లెవెల్ 2 ప్యాడ్ ఒకటి తెచ్చాడు. ఫ్రీగా కాదు.