ఆయుష్మాన్ వయ వందన కార్డు రివ్యూ: ఆసుపత్రిలో చేరితే ఐదు లక్షలు, చేరకపోతే సున్నా

డెబ్బై దాటిన మనిషికి ఆరోగ్య బీమా కొనబోతే ఏజెంట్ల ముఖాలే మారిపోతాయి. ప్రీమియం మండిపోతుంది, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ అంటారు, బిల్లులో ఇరవై శాతం మీరే కట్టుకోమని కో-పే తగిలిస్తారు. 2024 అక్టోబరు 29న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన వయ వందన కార్డులో ఈ మూడూ లేవు. ఆధార్ ప్రకారం డెబ్బై నిండితే చాలు, ఆదాయంతో పని లేదు. ఏడాదికి ఐదు లక్షల దాకా నగదు లేని వైద్యం, బీపీ, షుగరు, పాత గుండె జబ్బు సహా మొదటి రోజు నుంచే. ఇంట్లో భార్యాభర్తలిద్దరూ డెబ్బై దాటినవాళ్లయితే ఆ ఐదు లక్షలు ఇద్దరికీ కలిపి. కుటుంబానికి ఇప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉంటే పెద్దవాళ్ల ఐదు లక్షలు దానికి అదనం, చిన్నవాళ్లు వాడుకోవడానికి లేదు.

ఈ కార్డు వెనకున్న పద్ధతి తెలుగువాళ్లకు కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ చేసిందీ అదే: ప్రభుత్వం కొత్త ఆసుపత్రులు కట్టే బదులు, ఉన్న ఆసుపత్రుల దగ్గర వైద్యాన్ని ముందే ఖరారు చేసిన రేటుకు కొనడం. 2018 సెప్టెంబరులో రాంచీలో మొదలైన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన, అంటే ఆయుష్మాన్ పథకం, దాన్ని దేశం మొత్తానికి, 2011 సామాజిక ఆర్థిక గణనలోని పేద కుటుంబాల జాబితా ఆధారంగా తెచ్చింది. వయ వందనతో ఆ జాబితా స్థానంలోకి వయసు వచ్చింది. కార్డులో మంచీ చెడూ చాలావరకు ఈ 'కొనే' పద్ధతిలోంచి పుట్టినవే.

కార్డు తీసుకోవడం నిజంగా తేలిక. ఆయుష్మాన్ యాప్‌లో బెనిఫిషియరీగా లాగినై, డెబ్బై పైబడినవారి నమోదు ఎంచుకుని, ఆధార్ నంబరు కొట్టి ఈ-కేవైసీ పూర్తిచేసి, ఫొటో తీసి, ఇంట్లోవాళ్ల వివరాలు నింపడమే. ఆధార్ తప్ప వేరే కాగితం అడగరు. ఎక్కువగా ఆగిపోయేది ఓటీపీ దగ్గర. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్లలో, తల్లిదండ్రుల ఆధార్‌కు పిల్లలు వెళ్లకముందు వాడిన సిమ్ముల నంబరే ఉంటుంది. ఆ నంబరు ఇప్పుడు పనిచేయదు. ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి మొబైల్ నంబరు మార్పించండి. వేలిముద్ర మీద ఆశ పెట్టుకోవద్దు, ఆ వయసుకు గీతలు అరిగిపోతాయి. ముఖం లేదా ఐరిస్‌తో ప్రయత్నించండి. ఎవరి నంబరో ఒకటి ఇచ్చి పని కానిచ్చేయడం మాత్రం వద్దు. ఒకే మొబైల్ నంబరు, అదీ పది తొమ్మిదులు, 7.49 లక్షల మంది లబ్ధిదారులకు నమోదై ఉందని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో బయటపెట్టింది ఈ పథకం డేటాబేసులోనే. ఇంకో గందరగోళం: పద్నాలుగు అంకెల ఆభా నంబరు వేరు, ఈ కార్డు వేరు. ఆభా మీ వైద్య రికార్డుల ఖాతా మాత్రమే, అది చూపిస్తే రూపాయి కూడా తగ్గదు.

ఇక ఆసుపత్రి. ఫోన్ చేసి "ఆయుష్మాన్ తీసుకుంటారా" అని అడిగితే తీసుకుంటామనే అంటారు. ఆ జవాబుతో లాభం లేదు. ఆసుపత్రికి గుర్తింపు ఇచ్చేది విభాగాల వారీగా. కంటికి గుర్తింపున్న ఆసుపత్రికి ఎముకలకు లేకపోవచ్చు. "మోకీలు మార్పిడికి మీకు ఎంప్యానెల్‌మెంట్ ఉందా, ఈ వారం ఆ కేసులు చేర్చుకుంటున్నారా" అని అడగాలి. వెళ్లాక మొదట బిల్లింగ్ కౌంటర్ దగ్గర కాకుండా ఆరోగ్యమిత్ర (పథకం రోగులకు సాయపడే ఉద్యోగి) దగ్గర ఆగండి. అక్కడ గుర్తింపు సరిచూసి, రిపోర్టులతో ప్రీ-ఆథరైజేషన్ (చికిత్సకు ముందస్తు అనుమతి) కోసం పంపుతారు. అది తిరిగొచ్చేది ఎక్కువగా కాగితాల వల్లే: ఎక్స్‌రే మీద పేరూ తేదీ లేకపోవడం, యాంజియోగ్రాం సీడీ జత చేయకపోవడం, ఆధార్‌లో ఒక పేరు, రిపోర్టులో ఇంకో పేరు. ప్రాణం మీదికొచ్చిన కేసయితే చికిత్స మొదలుపెట్టి అనుమతి తర్వాత తీసుకునే వీలుంది.

చేరడానికి ముందు మూడు రోజుల పరీక్షలు, డిశ్చార్జ్ తర్వాత పదిహేను రోజుల మందులు కూడా ప్యాకేజీలోనివే. ఈ రెంటినీ అడిగి తీసుకునేవాళ్లు తక్కువ. "ముందు పరీక్షలు చేయించుకోండి, అడ్మిషన్ తర్వాత చూద్దాం" అని నగదు కట్టించుకుంటే రసీదు దాచండి. అదే ఆసుపత్రిలో అదే జబ్బుకు చేరితే ఆ డబ్బు వెనక్కి అడిగే హక్కు మీది. డిశ్చార్జ్ రోజున చీటీ చేతికిచ్చి మందులు బయట కొనుక్కోమంటే కదలకండి.

అసలు తిరకాసు ప్యాకేజీ రేటులో ఉంది. ఆపరేషన్‌కు ఒకే రేటు: మంచం, డాక్టరు ఫీజు, నర్సింగ్, పరీక్షలు, మందులు, భోజనం అన్నీ కలిపి. కొన్నిటిలో ఇంప్లాంటుకు విడిగా రేటుంటుంది. నలభై ఏళ్ల మనిషికి తుంటి విరిగినా, షుగరూ కిడ్నీ సమస్యా ఉన్న డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి విరిగినా రేటు ఒకటే. రెండో మనిషిని ఆపరేషన్‌కు సిద్ధం చేయడానికే రెండు మూడు రోజులు పడుతుంది, తర్వాత ఐసీయూ, కోలుకోవడం నెమ్మది. ఒకే విడతలో రెండు ఆపరేషన్లు చేస్తే పెద్దదానికి పూర్తి రేటు, రెండోదానికి సగం, మూడోదానికి పావు. ఆపరేషన్ లేని జబ్బులకైతే వార్డు, హెచ్‌డీయూ (వార్డుకూ ఐసీయూకూ మధ్య స్థాయి), ఐసీయూ, వెంటిలేటర్ ఐసీయూ అని రోజుకింత లెక్క. డెబ్బై దాటినవాళ్లందరినీ చేర్చినప్పుడే రేట్లలో వయసుకు తగ్గ తేడా పెట్టాల్సింది. పెట్టకపోతే ఆసుపత్రి నష్టం వచ్చే కేసును వదిలించుకోవాలనే చూస్తుంది, "బెడ్లు ఖాళీ లేవు" అనే మాట ఎక్కువగా అక్కణ్నుంచే వస్తుంది. "మంచి క్వాలిటీ ఇంప్లాంటు వేస్తాం, తేడా మీరు కట్టండి" అనే మాట కూడా. ప్యాకేజీ కింద చేర్చుకున్న రోగి దగ్గర అలా పై డబ్బు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం.

ఇక ఓపీ సంగతి: ఏమీ లేదు. డెబ్బై దాటిన ఇంట్లో నెలనెలా డబ్బు పోయేది బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలకు, రక్త పరీక్షలకు. కార్డు వాటి జోలికి రాదు. థాయిలాండ్ 2002లో ముప్ఫై భాట్లకే (భాట్ అక్కడి కరెన్సీ) వైద్యం అనే పథకాన్ని దేశమంతా విస్తరించినప్పుడు దీన్ని తలకిందులుగా చేసింది. నమోదైన మనిషికి ఇంత అని ఏటా సొమ్ము జిల్లా ఆసుపత్రుల నెట్‌వర్కుకు ముందే ఇచ్చేసి, మామూలు జ్వరం నుంచి చూడమంది. షుగరును అదుపులో పెడితే కాలు తీసే ఆపరేషన్ తప్పుతుందనే లెక్క అక్కడ ఆసుపత్రికీ లాభమే. మన పద్ధతిలో ఆసుపత్రికి డబ్బొచ్చేది మనిషి ఆసుపత్రిలో చేరితేనే.

కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు తొందరపడకండి. కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ గానీ మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ గానీ ఉంటే అదో ఇదో ఒకటే ఎంచుకోవాలి, వాటిలో ఓపీ మందులు వస్తాయి కాబట్టి వదులుకోవడం నష్టం. ఈఎస్ఐ, ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు, రెండూ ఉంచుకోవచ్చు. ప్రైవేటు పాలసీని మాత్రం రద్దు చేసుకోవద్దు, మీకు అలవాటైన కార్పొరేట్ ఆసుపత్రి ఈ జాబితాలో లేకపోవచ్చు. తెలంగాణలో పది లక్షల ఆరోగ్యశ్రీకో, ఆంధ్రలో పాతిక లక్షల పరిమితి ఉన్న వైద్యసేవకో అర్హులైతే ముందు దాన్నే అడగండి.

ఏ కార్డయినా, ప్రభుత్వం ఆసుపత్రికి సమయానికి చెల్లించినంత కాలమే నడుస్తుంది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం కొన్నాళ్లు రాష్ట్ర పథకాల సేవలు ఆపాయి. వాయిదా వేయగల ఆపరేషన్లయితే తేదీ ఖరారు చేసుకున్నాక కూడా ముందురోజు మళ్లీ ఫోన్ చేయండి. డబ్బు అడిగినా, చేర్చుకోకపోయినా 14555కు ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి, తేలకపోతే జిల్లా గ్రీవెన్స్ కమిటీకి వెళ్లండి. ఫిర్యాదు రోగి ఇంకా వార్డులో ఉండగానే చేయాలి. అప్పటికి ఆసుపత్రికి క్లెయిమ్ డబ్బు రాలేదు కాబట్టి మాట వింటారు.