సియాటెల్‌లో పద్దెనిమిది ఇన్నింగ్స్, ఒకే ఒక్క పరుగు

2022 అక్టోబరు 15న సియాటెల్‌లో అక్కడి జట్టు మ్యారినర్స్‌కీ, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కీ బేస్‌బాల్ ప్లేఆఫ్ (సీజన్ చివర టైటిల్ కోసం ఆడే పోటీలు) మ్యాచ్. 2001 తర్వాత ఆ ఊళ్ళో ప్లేఆఫ్ జరగడం అదే మొదలు. టికెట్లు దొరకగానే నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అమ్మాయి బయల్దేరాం.

పోర్ట్‌లాండ్ నుంచి కారులో మూడు గంటలే, కానీ మ్యాచ్ రోజు పార్కింగ్ టెన్షన్ ఎందుకని ముందు రోజే ఆమ్‌ట్రాక్ కాస్కేడ్స్ రైలెక్కాం. మూడున్నర గంటల్లో కింగ్ స్ట్రీట్ స్టేషన్. అక్కణ్ణించి స్టేడియానికి నడిచే వెళ్ళొచ్చు. ఎవరడిగినా నేను రైలే చెప్తాను.

బస దగ్గర మాత్రం మనసు కష్టపడింది. రెడ్మండ్‌లో మా పిన్ని కొడుకు ఇంటికి రమ్మన్నాడు, కానీ రాత్రిపూట 545 బస్సులో పిల్లతో అంత దూరం పోలేక స్టేడియం దగ్గర్లో హోటల్ తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది. బుకింగ్‌లో చూపించిన రేటు మీద కౌంటర్లో ఇంకేదో ఫీజు కలిపారు. దేనికని అడిగితే ‘అందరికీ ఉంటుందండీ’ అన్నారు తప్ప విడమరిచి చెప్పలేదు. అలాంటివి ముందే రాసి ఉంచాలి.

సీట్లు పై అంతస్తులో, హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనకాల. కింద సీట్లతో పోలిస్తే చాలా చవక. పిచింగ్, అంటే బంతి వేసే తీరు, చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదు. బంతి ఎక్కడ మొదలై ఎటు వంగిందో అక్కణ్ణించి స్పష్టంగా తెలుస్తుంది. సియాటెల్ తరఫున 24 ఏళ్ళ జార్జ్ కర్బీ, అదే అతని మొదటి సీజన్, ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. అవతల లాన్స్ మెకల్లర్స్ ఆరు ఇన్నింగ్స్ అలాగే లాక్కొచ్చాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సియాటెల్ బ్యాటర్ హూలియో రొడ్రిగెస్ కొట్టిన బంతి మైదానం అంచు గోడకి తగిలినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది. అయినా పరుగు రాలేదు.

ఆట మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, స్కోరు సమమైతే తేలేదాకా సాగుతుంది. మామూలు సీజన్‌లో అయితే పరుగు తేలిగ్గా రావడానికి పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక రన్నర్ని ఊరికే నిలబెడతారు. ప్లేఆఫ్‌లో ఆ వెసులుబాటు లేదు. అందుకే సున్నాలు అలా సాగుతూనే ఉన్నాయి. మా అమ్మాయి స్కోర్ కార్డులో గళ్ళు అయిపోయి వెనక్కి తిప్పి చేత్తో గీతలు గీసుకుంది. క్రికెట్‌లో మెయిడెన్ మీద మెయిడెన్ పడుతుంటే ఎలా బిగుసుకుపోతామో, సరిగ్గా అదే. 47 వేల మందికి పైగా ఉన్నా ఒక్కో బంతి ముందు పక్కన రైలు కూత కూడా వినిపించేంత నిశ్శబ్దం. ఆ ఏడాది అక్కడి అభిమానులు గెలుపు కోసం తలమీద బూటు పెట్టుకునేవారు. మా ఆవిడకి అది అస్సలు ఇష్టం లేదు. పదిహేనో ఇన్నింగ్స్‌లో ముందు వరుసలోని పెద్దావిడ కళ్ళు మూసుకుని బూటు తలమీద పెట్టుకోవడం చూసి, తనూ ఒకటి విప్పి పెట్టుకుంది.

ఈ స్టేడియంలోకి బయటి తిండి రానిస్తారు, శాకాహారులు ఇది గుర్తుంచుకోండి. మేం తెచ్చిన పులిహోర ఏడో ఇన్నింగ్స్‌కే అయిపోయింది, ఇంకో డబ్బా తేవాల్సింది. గార్లిక్ ఫ్రైస్ బాగున్నాయి. పైకప్పు ఉన్నా పక్కలు తెరిచే ఉంటాయి, సాయంత్రానికి చలిగాలి కొడుతుంది. స్వెట్టర్ తప్పనిసరి.

పద్దెనిమిదో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రోస్ కుర్రాడు జెరెమీ పెన్యా, సియాటెల్ పిచర్ పెన్ మర్ఫీ వేసిన స్లైడర్‌ని (పక్కకి వంగే బంతి) లెఫ్ట్ సెంటర్ గోడ దాటించాడు. అంతే, 1-0. ఆరు గంటల 22 నిమిషాలు. రెండు వైపులా కలిపి 42 స్ట్రైక్ అవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటవడం). మ్యారినర్స్ సీజన్ అక్కడితో సరి.

బయటికి వచ్చేటప్పుడు ఎవరూ తోసుకోలేదు, ఎవరూ అరవలేదు. పది నిమిషాల్లో గదిలో ఉన్నాం. ఆ నడక దూరం కోసమైతే ఆ ఫీజు మళ్ళీ కట్టడానికైనా నేను సిద్ధమే. మర్నాడు రైల్లో మా అమ్మాయి కార్డు తీసి, ఆ చివరి గడిలోని ఒకటి పక్కన పెన్యా పేరు నీట్‌గా రాసుకుంది.